పేరు కుట్టిన టోపీ

చర్చిలో భోజనాల దగ్గర మీ కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు, "అంకుల్, మీ రోజుల్లో ఈ దేశం ఎలా ఉండేది, ఫస్ట్ జాబ్ ఏం చేశారు?" అని. స్టేడియం ఊడ్చాను అంటే నవ్వి, ఆ కబుర్లు చెప్పమంటారు. సరదా కబుర్లు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళని అడగండి. నేను అక్షరాలు నేర్చుకున్నదే యాభై దాటాక. అంత కష్టపడి నేర్చుకున్న వాటితో అబద్ధాలు రాయబుద్ధి కాదు. కాబట్టి ఒక్క సంగతే రాస్తున్నాను. నా మూలంగా ఒక పదహారేళ్ళ పిల్లాడు తను చెయ్యని నేరానికి శిక్ష అనుభవించాడు. అది ఆపగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. ఆపలేదు.

నా భార్య నర్సు. మిషన్ ఆసుపత్రిలో చదువుకుంది. నేను చీరాలలో పొగాకు గోడౌన్లో బేళ్ళు మోసేవాణ్ణి. మేనమామ కొడుకునని ఆమెను నాకిచ్చి చేశారు, అంతకు మించి నాలో చూసిందేమీ లేదు. డెబ్భై ఆరులో ఆమెకు షికాగోలో ఉద్యోగం వచ్చింది. ఏడాది తర్వాత వెనకాలే నేనూ వచ్చాను. మేము దిగింది ఇప్పుడు మీరుండే నేపర్‌విల్ లాంటి పచ్చటి శివారులో కాదు. ఉక్కు మిల్లుల పక్కన ఇటుక గోడల అపార్ట్‌మెంట్. ఇంగ్లీషు మాట చెవితో పట్టేశాను, రెండేళ్ళలో పోట్లాడేంత వచ్చింది. చదవడం మాత్రం తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఈ సంగతి మా ఇంటావిడకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. జేబులో ఎప్పుడూ ఒక పాత కళ్ళజోడు డబ్బా ఉండేది, ఖాళీది. ఎవరైనా కాగితం ఇస్తే డబ్బా తెరిచి, "అరే, జోడు ఇంట్లో మర్చిపోయా, నువ్వే చదివి పెట్టు" అనేవాణ్ణి. ఆ డబ్బాతో పన్నెండేళ్ళు నెట్టుకొచ్చాను.

స్టేడియం అంటే ఫుట్‌బాల్ స్టేడియం. కాలితో తన్నే ఆట కాదు, కోలబంతిని చంకలో పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే ఆట. ఆదివారం ఆట, సోమవారం పొద్దున మా ఊడ్పు. పై వరుస నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ రావాలి. ఒక్కొక్కడికి ఒక్కొక్క సెక్షన్. వేరుశెనగ తొక్కలు, బీరు కప్పులు, వాంతులు, ఒక్కోసారి పళ్ళసెట్టు కూడా. ఆదివారం ఆట జరిగేటప్పుడు మాలో నలుగురం మాప్ పట్టుకుని మెట్ల దగ్గర నిలబడాలి. ఆ నలుగురిలో నేనొకణ్ణి. అందుకు చర్చి మానేసేవాణ్ణి, అందుకు ఇంట్లో తిట్లు తినేవాణ్ణి.

మా మేస్త్రీ నల్లజాతి పెద్దాయన, మిసిసిప్పీ నుంచి వచ్చినవాడు. ఆయన పెట్టిన రూలు ఒకటుంది. సీట్ల కింద దొరికిన దాని మీద పేరు ఉంటే ఆఫీసుకి, లేకపోతే దొరికినవాడికి. మా ఊడ్పు కంపెనీ కాగితాల్లో ఈ రూలు లేదు. కంపెనీ లెక్కన దొరికిన ప్రతిదీ ఆఫీసుకే. కానీ మేస్త్రీ మాటే మాకు చట్టం. గొడుగులు, గ్లవ్స్, టోపీలు, ఆ దేశపు చలికి మాకు అన్నీ అలా వచ్చినవే. టోపీ లోపల గుడ్డముక్క మీద అక్షరాలు అన్నిటికీ ఉంటాయి. అందులో టోపీ చేసిన కంపెనీ పేరేదో మనిషి పేరేదో నాకెలా తెలుస్తుంది? ప్రతిదీ మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్ళి డబ్బా తెరిచేవాణ్ణి. ఆయన చూసి, "పేరు లేదు, తీసుకో" అనేవాడు.

ఇక ఆ పిల్లాడు. మా కింద అంతస్తులో ఉండేవాళ్ళు, ఒంగోలు వైపు వాళ్ళు, మా చర్చివాళ్ళే. తండ్రి మిల్లులో పనిచేసేవాడు, లే ఆఫ్ చేశారు. ఆ రోజు నుంచి కిటికీ దగ్గర కూర్చునే ఉన్నాడు. నన్ను అన్నా అనేవాడు. తల్లి ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో ఎయిడ్, అంటే ఆయా, రెండు షిఫ్టులు. వీడొక్కడే కొడుకు. ఎనిమిదేళ్ళప్పుడు వచ్చాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు.

ఇరాన్‌లో అమెరికా వాళ్ళని బందీలుగా పట్టుకున్న రోజులవి. మన రంగు చూసి అందరినీ ఇరాన్ వాళ్ళనుకునేవారు. స్కూల్లో వీణ్ణి కొట్టని వారం లేదు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని చిరిగిన జాకెట్‌కి టేప్ అంటించుకుంటున్నాడు.

"ఎవర్రా?" అన్నాను.

"ఎవరో ఒకరు అంకుల్. ఎవ్రీ డే డిఫరెంట్."

"మనది ఇండియా అని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. ఇండియా ఎక్కడుంది అన్నారు. ఇరాన్ పక్కన అన్నాను." అని నవ్వాడు. పెదవి పగిలి ఉంది, నవ్వితే రక్తం వచ్చింది.

నాకు జాలేసింది. మరుసటి ఆదివారం మా పనివాళ్ళ గేటులోంచి వాణ్ణి లోపలికి తీసుకుపోయాను. టికెట్ కొనే స్తోమత వాళ్ళకెక్కడిది? ఒక్కపూట సంతోషంగా ఉంటాడనుకున్నాను. మొదటి తప్పు అదే. కానీ దాన్ని నేను ఇప్పటికీ తప్పు అనుకోను. జాలిపడటం తప్పయితే ఇక మనుషులెందుకు?

నా సెక్షన్ పై వరుసల్లో ఒక గుంపు ఉండేది. పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ తెల్ల కుర్రాళ్ళు. వాళ్ళ నాన్నలూ మిల్లు నుంచి ఇంటికొచ్చి కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళే. మన టీమ్ రంగు నీలం. మొహమంతా నీలం పూసుకుని వచ్చేవారు. ఆట సంగతి వాళ్ళకి అక్కర్లేదు, మైదానం వైపు చూసేవాళ్ళే కాదు. అవతలి ఊరి వాళ్ళు ఎక్కడ కూర్చున్నారో చూసి, బాత్‌రూమ్‌కి లేచినప్పుడు కింద నడవలో పట్టుకుని కొట్టి, టోపీ లాక్కొచ్చేవాళ్ళు. లాక్కొచ్చిన టోపీలు పై వరుస రెయిలింగ్‌కి కట్టేవాళ్ళు. వాటిని నేను చూశాను. ఏదో వేడుక అనుకున్నాను.

నాలుగో ఆదివారానికి మా వాడు ఆ వరుసలో ఉన్నాడు, మొహం నిండా నీలం పూసుకుని. మొదట నేనే గుర్తుపట్టలేదు.

"ఏంట్రా ఈ వేషం? మీ అమ్మ చూస్తే గుండె ఆగుతుంది."

"అంకుల్, ఇది వేసుకుంటే నేను ఎవరో తెలీదు కదా. అందరం సేమ్." అన్నాడు. వాడి కళ్ళల్లో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. వెనకనుంచి వాళ్ళలో ఒకడు నన్ను చూసి, మా వాడితో, "నీ తాతా వాడు? మాప్‌తో పాటు వచ్చావా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. మా వాడు కూడా నవ్వాడు. పోనీలే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత మెట్ల మీద నన్ను ఆపాడు.

"అంకుల్, మీకు క్యాప్స్ దొరుకుతాయి కదా. అదర్ టీమ్‌ది దొరికితే నాకు ఇస్తారా? రెడ్ ఉంటుంది చూడండి, అది."

"ఎర్రదెందుకురా? మనది నీలం కదా."

"కలెక్షన్, అంకుల్."

మేస్త్రీకి చూపించి, పేరు లేదన్నాక ఒకటి ఇచ్చాను. తర్వాత ఇంకోటి. మొత్తం నాలుగు. వాడు మర్యాదగా రెండు చేతులతో తీసుకునేవాడు. స్కూల్లో దెబ్బలు ఆగిపోయాయి. ఆ గుంపు వాళ్ళ తమ్ముళ్ళు అదే స్కూలు, వీడి జోలికి ఎవరూ రావడం లేదు. వాళ్ళమ్మ చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది, దేవుడు నా బిడ్డకి స్నేహితుల్నిచ్చాడని.

డిసెంబరులో పెద్ద ఆట వచ్చింది. సగం ఆట అయ్యాక విరామంలో నేను కింద నడవలో బాత్‌రూమ్ ముందు నీళ్ళు తుడుస్తున్నాను. మలుపు అవతల కేకలు, బూట్ల చప్పుడు వినిపించాయి. అంతలో మా వాడు పరిగెత్తుకుంటూ వచ్చి, చీపుర్లు పెట్టుకునే మా గదిలో దూరాడు. నేను వెనకాలే వెళ్ళి తలుపు వేశాను. బకెట్ల మధ్య ముడుచుకుని కూర్చున్నాడు. నీలం రంగు చెమటకి కారిపోయి మెడ మీదికి వచ్చింది.

"ఎవరైనా కొట్టారా నిన్ను?"

"నో. నో. వాళ్ళు ఒకణ్ణి... అంకుల్, వాడు కింద పడిపోయాడు. ఇంకా తంతున్నారు. నన్ను కూడా తన్నమన్నారు. నా టర్న్ అన్నారు. నేను రన్ చేశాను."

"మంచి పని చేశావు."

"కాదు అంకుల్. వాళ్ళు నన్ను టఫ్ గై అనుకుంటున్నారు. మీరు ఇచ్చిన క్యాప్స్ ఉన్నాయి కదా, అవి నేను కొట్టి తెచ్చాను అని చెప్పాను. ఫోర్ గైస్‌ని కొట్టాను అన్నాను. ఇప్పుడు రన్ చేశాను అని తెలిస్తే ఐ యామ్ డెడ్."

అప్పుడు తెలిసింది నాకు, నేను ఇచ్చినవి ఏమిటో. గొడవ సద్దుమణిగేదాకా వాణ్ణి ఆ గదిలోనే కూర్చోబెట్టాను. అంబులెన్స్ కూత వినిపించింది. ఆ కూత ఆగేదాకా వాడు నా చెయ్యి వదల్లేదు. అంటే ఆ మనిషిని తన్నినప్పుడు మా వాడు ఎక్కడున్నాడో చూసిన సాక్షిని నేనే. ఇది గుర్తుపెట్టుకోండి.

దెబ్బలు తిన్నవాడు అవతలి ఊరి కుర్రాడు, లేత్ మెషిన్ మీద పనిచేస్తాడట. దవడ విరిగింది. ఒక చెవి వినపడకుండా పోయింది. కొట్టినవాళ్ళ మొహాలు చెప్పమంటే ఏం చెప్తాడు? అన్నీ నీలమే.

సోమవారం ఊడ్చడానికి వెళ్తే ఇద్దరు పోలీసులు నడవలో తిరుగుతున్నారు. నా సెక్షన్‌లో మూడో వరుస సీటు కింద ఎర్ర టోపీ ఒకటి కనబడింది. గొడవలో గుంజుకున్నవాడు పారిపోతూ జారవిడిచాడేమో. లోపల గుడ్డముక్క మీద తెల్ల దారంతో అక్షరాలు కుట్టి ఉన్నాయి. చక్కగా, వరుసగా ఉన్నాయి. కంపెనీ కుట్టే అనుకున్నాను. మేస్త్రీకి చూపిద్దామంటే ఆయన పోలీసుల పక్కనే ఉన్నాడు, చూపిస్తే టోపీ ఆఫీసుకి పోతుంది. మా వాడికి ఆ వారం ఒక టోపీ కావాలి. అది లేకపోతే వాణ్ణి వాళ్ళు బతకనివ్వరు. టోపీ చొక్కాలోపల పెట్టుకున్నాను. సాయంత్రం మెట్ల మీద వాడి చేతిలో పెట్టాను.

"ఇది చూపించి బయటపడు. వచ్చే ఆదివారం నుంచి నువ్వు అక్కడికి రావద్దు."

"ప్రామిస్, అంకుల్. లాస్ట్ టైమ్."

వాడు కూడా లోపల చూడలేదు. పదహారేళ్ళవాడు, హడావుడిలో ఉన్నాడు. నేను నలభై ఒక్కేళ్ళవాణ్ణి. లోపల ఉన్నది పేరు. దెబ్బలు తిన్న కుర్రాడి పేరు. వాళ్ళమ్మ కుట్టింది.

బుధవారం గుంపులో ఒకణ్ణి పట్టుకున్నారు. వాడు తన మీదికి రాకుండా, టోపీ ఎవరి దగ్గరుందో చూసుకోండి అని మా వాడి పేరు చెప్పాడు. పోలీసులు మా బిల్డింగ్‌కి వచ్చి, పిల్లాడి మంచం కింద నుంచి అయిదు ఎర్ర టోపీలు బయటికి తీశారు. అయిదోది తిప్పి చూశారు. నువ్వేనా అని అడిగితే వాడు అవునన్నాడు. వాళ్ళ నాన్న ఎదురుగానే అన్నాడు.

శనివారం తండ్రితో కలిసి, పట్టుకున్న కుర్రాళ్ళని ఉంచే జువనైల్ సెంటర్‌కి వెళ్ళాను. తండ్రి కౌంటర్ దగ్గర సంతకాలు పెడుతుంటే అయిదు నిమిషాలు నేనూ పిల్లాడే ఉన్నాం. మొహం కడిగేసి ఉంది. చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"ఎందుకురా అవునన్నావు? నువ్వు నా గదిలో ఉన్నావు కదరా!"

"అంకుల్, ప్లీజ్, చెప్పొద్దు. ఇక్కడ కూడా వాళ్ళ ఫ్రెండ్స్ ఉన్నారు. నేను చేశాను అనుకుంటున్నారు. ఎవరూ టచ్ చేయటం లేదు. లాయర్ అంటున్నాడు, ఫస్ట్ టైమ్ కదా, ఇంటికి పంపిస్తారు అని."

"పంపించకపోతే?"

"పంపిస్తారు. మీరు చెప్తే నేను చీపుర్ల రూమ్‌లో హైడ్ చేశాను అని అందరికీ తెలుస్తుంది. ప్లీజ్ అంకుల్."

నేను సరే అన్నాను. ఎంత తొందరగా అన్నానో నాకు గుర్తుంది. వాడు వద్దన్నాడు కాబట్టి ఊరుకున్నానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. తర్వాత, ఉద్యోగం పోతుందని, గ్రీన్ కార్డు మీదికి వస్తుందని భయపడ్డానని చెప్పుకున్నాను. అవీ ఉన్నాయి. కానీ అసలుది అది కాదు. చెప్పాలంటే, పేరు ఉన్న టోపీ ఎందుకు ఇచ్చావని అడుగుతారు. చదవడం రాదు అనాలి. అంతమంది ముందు, వాళ్ళ నాన్న ముందు, మేస్త్రీ ముందు అనాలి. నా నోట్లోంచి ఆ మాట రాదు. దానికంటే పిల్లాడు వెళ్ళడం తేలిక అనిపించింది. అదే నిజం.

మా ఆవిడ అడిగింది, "ఆ ఆదివారం మీరక్కడే ఉన్నారు కదండీ, ఏమీ చూళ్ళేదా?" అని.

"పని చేసుకుంటున్నా. ఆ గోలలో ఎవరేం చేశారో నాకేం కనిపిస్తుంది?" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి నైట్ డ్యూటీకి బయల్దేరింది.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. వాడికి పద్ధెనిమిది నిండేదాకా, అంటే ఏడాదిన్నర, బాలల జైల్లో ఉంచారు. ఇంటికి పంపిస్తారన్న లాయర్ మాట లాయర్ దగ్గరే ఉండిపోయింది. లోపలికి వెళ్ళేటప్పుడు కొట్టడం రాని పిల్లాడు. వచ్చేటప్పటికి వచ్చింది. ఆరు నెలలకే ఒక బార్‌లో ఎవరినో నిజంగానే కొట్టి మళ్ళీ లోపలికి పోయాడు. ఆ రెండోదానికి అందరూ, చూశారా, మొదటిసారీ వాడే చేసి ఉంటాడు అన్నారు. వాళ్ళ కుటుంబం టెక్సస్ వెళ్ళిపోయింది. తర్వాత నాకు తెలియదు. తెలుసుకోలేదు.

మా మేస్త్రీ ఎనభై ఎనిమిదిలో రిటైర్ అయ్యాడు. కేక్ కోసిన రోజు నన్ను పక్కకి పిలిచి, "ఇంక ఆ డబ్బా పారెయ్. నీకు చదువు రాదని మొదటి వారమే తెలుసు నాకు. మా నాన్న కూడా అంతే. పనికి అడ్డం రాలేదు, నేను అడగలేదు" అన్నాడు. నేను దాచిన గుట్టు అంతపాటిది. మరుసటి ఏడాదికి యాభై వచ్చాయి. అది దాటాక మా ఆవిడ దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. పేర్లు చదవడం వచ్చిన రోజు ఈ సంగతంతా ఆమెకు చెప్పాను. ఆమె పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయింది. రెండు వారాలు నాకు పాఠం చెప్పలేదు.

ఇక ఆ రోజు.

కోర్టు అంటే చిన్న గది. జడ్జి, లాయర్లు, తల్లి, తండ్రి, నేను. పిల్లాడి నడవడి గురించి చెప్పడానికి తెలిసిన పెద్దమనిషి ఎవరైనా కావాలని లాయర్ అంటే, తల్లి నా పేరు చెప్పిందట. నర్సింగ్ హోమ్ యూనిఫామ్‌లోనే వచ్చింది. మా ఆవిడ ఇస్త్రీ చేసిచ్చిన కోటు వేసుకుని నేను వెళ్ళాను. కుడిచెయ్యి ఎత్తి దేవుడి మీద ప్రమాణం చేయమన్నారు, ఎత్తాను.

"ఈ అబ్బాయి మీకు ఎలా తెలుసు?"

"మా చర్చివాళ్ళండీ. మంచి పిల్లాడు. పెద్దలంటే గౌరవం. చెడు సావాసం వల్ల ఇలా అయింది."

చెడు సావాసం అన్నాను. నా నోటితో అన్నాను. పిల్లాడు తల దించుకుని బల్ల వైపు చూస్తున్నాడు. ఒక్కసారి తలెత్తి నా వైపు చూశాడు. చెప్పొద్దన్నవాడే. ఆ క్షణాన వాడి కళ్ళల్లో ఉన్నది అది కాదు. ఏముందో నాకు చదువు అక్కర్లేకుండానే తెలిసింది.

జడ్జి కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, తొందరేమీ లేనట్టు అడిగాడు. "ఆ రోజు మీరు స్టేడియంలోనే డ్యూటీలో ఉన్నారని ఇక్కడ ఉంది. ఇంకా ఏమైనా చెప్పదలుచుకున్నారా?"

"లేదండీ."

కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పిల్లాణ్ణి పక్క తలుపులోంచి తీసుకుపోయారు. తండ్రి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. తల్లి కళ్ళు తుడుచుకుని, వరండాలో ఉన్న మెషిన్ దగ్గరికి వెళ్ళి, పర్సంతా వెతికి చిల్లర వేసి, కాగితం కప్పులో కాఫీ పట్టుకొచ్చి నా చేతికిచ్చింది.

"మనవాళ్ళంతా మొహం చాటేశారు, అన్నయ్యగారూ. పాస్టరుగారు కూడా రాలేదు. మా బిడ్డ కోసం నిలబడి నోరు విప్పింది మీరొక్కళ్ళే. ఈ మేలు జన్మలో మర్చిపోను."

"అంత మాటెందుకమ్మా" అన్నాను.

ఆమె ఇంకా నా వైపే చూస్తోంది. కాఫీ తాగాను.